అరిగిన పంటికి డ్రిల్ పెట్టే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయని వచ్చేవాళ్లే నీ క్లినిక్‌లో ఎక్కువన్నావు. చిగురు అంచున గాడి కనపడగానే ఫిల్లింగ్‌కి పూనుకోకమ్మా. చల్లదనం తగిలినప్పుడే జివ్వుమని వెంటనే తగ్గిపోతే సరే. తీసేశాక కూడా చాలాసేపు సలుపుతుంటే నరం దెబ్బతిన్నదేమో చూడాలి, ఫిల్లింగ్‌తో అది తీరదు.

దేంతో తోముతున్నారో అడుగు. బొగ్గుపొడి, గట్టి బ్రష్, అడ్డంగా రుద్దడం, రోజూ నిమ్మరసం, పులితేన్పులు... కారణం ఆగకపోతే నీ ఫిల్లింగ్ పక్కనే మళ్లీ అరుగుతుంది. గాడి లోతు లేకపోతే మెత్తని బ్రష్, 5 శాతం పొటాషియం నైట్రేట్ పేస్టు రోజుకు రెండుసార్లు చాలు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పు, లేకపోతే నాలుగు రోజులకే మానేస్తారు. తోమాక నురగ ఉమ్మెయ్యాలే గానీ నీళ్లతో పుక్కిలించకూడదు. క్లినిక్‌లో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూయి.

గాడి లోతైతేనే కాంపోజిట్, అంటే పంటి రంగు ఫిల్లింగ్. పంటి రంగుకు సరిపోయే షేడ్ మొదటే చూసుకో, పన్ను ఆరితే తెల్లబడి మోసం చేస్తుంది. ప్యూమిస్ పొడితో శుభ్రం చేసి, చిగురు పక్కకు జరిగేలా అందులో సన్నని కార్డ్ (దారం) పెట్టు. పన్ను కొయ్యకు. డెంటిన్ (ఎనామిల్ అనే పైపొర కింది పొర) పసుపుపచ్చగా గాజులా మెరుస్తుంటే మాత్రం ఆ మెరుపు పోయేదాకా బర్‌తో (డ్రిల్ మొనతో) పైపైన గీకు, అలాంటి డెంటిన్‌కి బాండింగ్ (ఫిల్లింగ్‌ని పంటికి అతికించే జిగురు) సరిగా పట్టదు.

యూనివర్సల్ బాండింగ్ వాడుతున్నావు కాబట్టి 37 శాతం యాసిడ్ ఎనామిల్ అంచుకే, 15 సెకన్లు. అసలు పొరపాటు తర్వాతే జరుగుతుంది. కడిగాక గాలితో ఎండగొట్టేస్తారు. పక్కకు జారి యాసిడ్ తగిలిన డెంటిన్ ఎండితే అందులోని కొల్లాజెన్ పోగుల వల కుంగిపోయి బాండింగ్ లోపలికి దిగదు, మర్నాడు పేషెంటు ముందుకన్నా ఎక్కువ జివ్వుమంటోందని తిరిగొస్తాడు. తడి మెరుపు ఉండాలి, నీరు నిలవకూడదు. బాండింగ్ 20 సెకన్లు రుద్ది, అలలు ఆగేదాకా మెల్లగా గాలి ఊది, గట్టిపడేందుకు లైట్ వెయ్యి. మామూలు కాంపోజిట్ పొర 2 మిల్లీమీటర్లు మించితే అడుగు గట్టిపడదు.

రక్తం, లాలాజలం ఆగనిచోట పంతానికి పోకు, తడికి కాస్త ఓర్చుకునే ఫిల్లింగ్, రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ పెట్టు. చిగురు వైపు అంచు పొడుచుకొస్తే అక్కడ గార చేరి చిగురు వాస్తుంది, డిస్కుతో నునుపు చెయ్యి.

నిద్రలో పళ్లు కొరికేవాళ్లకు నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) కొలత అదే రోజు తీసుకో. నొప్పి తగ్గాక రమ్మంటే రారు.

మీ మేనత్త