80 సర్వర్ల బ్యాకప్‌లు ఒకేసారి మొదలవకుండా యాన్సిబుల్‌లో ఎలా?

మీ ఇబ్బంది అర్థమైంది. 80 సర్వర్లకీ యాన్సిబుల్‌తో (చాలా సర్వర్లను ఒకచోటి నుంచి సెట్ చేసే టూల్) ఒకటే క్రాన్ లైను (చెప్పిన టైముకి కమాండ్ నడిపేది), రాత్రి 2 గంటలకు బ్యాకప్, సరిగ్గా రెండింటికి స్టోరేజ్ చతికిలపడుతోంది. ఒక్కో సర్వర్‌కి నిమిషం చేత్తో రాయాలా అంటున్నారు. అక్కర్లేదండీ.

మేం గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకి స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ చూస్తుంటాం. ఒక్కోచోట ఒక్కో చిన్న సర్వర్. రాత్రయ్యేసరికి డేటా అంతా విజయవాడలోని మెయిన్ సర్వర్‌కి చేరాలి. టైము విడగొట్టకపోతే సీజన్‌లో మిర్చి లారీలన్నీ ఒకే కాటా దగ్గర ఆగినట్టే.

క్రాన్ టాస్క్‌లో నిమిషం అంకెకి బదులు 60కి రాండమ్ ఫిల్టర్ పెట్టి, సీడ్‌గా (ఆ లెక్క మొదలయ్యే విలువ, అది మారకపోతే ఫలితమూ మారదు) ఇన్వెంటరీ హోస్ట్‌నేమ్, అంటే యాన్సిబుల్ జాబితాలో ఆ సర్వర్ పేరు, ఇవ్వండి. 0 నుంచి 59 లోపు ఏదో ఒకటి వస్తుంది, ఆ సర్వర్‌కి ఎప్పుడూ అదే. సీడ్ లేకపోతే ప్లేబుక్ (యాన్సిబుల్ పనుల ఫైలు) నడిపిన ప్రతిసారీ నిమిషం మారుతుంది. జాబ్ 2:40కి ఉంది, మీరు 2:20కి ప్లేబుక్ నడిపారు, అది 2:10కి మారింది అనుకోండి. ఆ రాత్రికి బ్యాకప్ లేదు, ఎర్రర్ కూడా రాదు. యాన్సిబుల్ లాంటిదే అయిన పప్పెట్ వాడేవాళ్లకి ఇదే పనికి ఎఫ్‌క్యూడీఎన్ ర్యాండ్ అనే ఫంక్షన్ ఉంది.

అయితే రాండమ్ అంటే సమానంగా సర్దడం కాదు. 80 సర్వర్లను 60 నిమిషాల్లో ఇలా చల్లితే సగటున 15, 16 నిమిషాలు ఖాళీగా పోతాయి, కొన్నిట్లో నాలుగేసి పడతాయి. అందుకే గంటను కూడా 1 నుంచి 4 దాకా మార్చండి, కానీ దానికి సీడ్ వేరే ఉండాలి. హోస్ట్‌నేమ్ పక్కన ఇంకో మాట తగిలిస్తే చాలు.

క్రాన్ లైన్లోనే రాండమ్ స్లీప్ (కమాండ్ ముందు కాసేపు ఆగడం) పెట్టమని చాలామంది చెప్తారు. నాకు నచ్చదు. ఆ ఆగే టైము లెక్కకి మామూలుగా పర్సెంట్ గుర్తు వాడతారు, క్రాన్‌టాబ్‌లో (క్రాన్ లైన్లు ఉండే ఫైలు) దాని ముందు బ్యాక్‌స్లాష్ లేకపోతే కమాండ్ అక్కడే తెగిపోతుంది. పైగా ఉబుంటులో క్రాన్ వాడేది డాష్ షెల్, అందులో బ్యాష్‌లో ఉండే రాండమ్ వేరియబుల్ ఉండదు.

కొత్తగా పెట్టేవాటికి నేనైతే క్రాన్‌కి బదులు లినక్స్‌లోనే ఉండే సిస్టమ్‌డీ టైమరే వాడతాను. రాండమైజ్డ్ డిలే సెక్ (జాబ్ ఎంతవరకు ఆలస్యం కావొచ్చో చెప్పే సెట్టింగ్) రెండు గంటలిచ్చి, పర్సిస్టెంట్ ఆన్ చేస్తాను. కరెంటు పోయి తప్పిన జాబ్‌లు సర్వర్ లేవగానే నడుస్తాయి, వాటికీ ఆ డిలే వర్తిస్తుంది కాబట్టి ఒకే సబ్‌స్టేషన్ కింద ఉన్నవన్నీ ఒక్కసారి మీద పడవు. రోజూ అదే టైముకి రావాలంటే ఫిక్స్‌డ్ రాండమ్ డిలే కూడా కావాలి. అది సిస్టమ్‌డీ వెర్షన్ 247 నుంచే ఉంది, ఉబుంటు 20.04లో దొరకదు. అది లెక్క కట్టేది మెషీన్ ఐడీని (ఒక్కో సర్వర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) బట్టి. మీ సర్వర్లన్నీ ఒకే ఇమేజ్ నుంచి క్లోన్ చేసినవైతే ఐడీ అన్నిటికీ ఒకటే ఉండొచ్చు, అప్పుడు డిలే కూడా ఒకటే. టైమర్ పెట్టేముందు మెషీన్ ఐడీ ఉండే ఫైలు నాలుగైదు సర్వర్లలో తెరిచి పోల్చి చూడండి.