గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ ఎప్పుడొస్తుంది? డయాలిసిస్ మీదున్న బావకు వస్తుందా?

మీరు అడిగినవి రెండు. 2022 జూన్‌లో గ్రీన్‌కార్డు మీద డాలస్ వచ్చిన మీ నాన్నగారికి అరవై ఎనిమిది, అమ్మగారికి ఈ 2026 డిసెంబరుకి అరవై అయిదు నిండుతాయి, మెడికేర్, అంటే ముఖ్యంగా అరవై అయిదు దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఎప్పుడొస్తుంది అన్నది ఒకటి. నలభై ఆరేళ్ల మీ బావగారికి ఫిబ్రవరిలో డయాలిసిస్ మొదలైంది, వయసు లేదు కదా, ఆయనకూ వస్తుందా అన్నది రెండోది. తొందర రెండో దానికే ఎక్కువ. కానీ నేను చేతులు కాల్చుకున్నది మొదటి దాంట్లో, అందుకని అదే ముందు చెప్తాను.

మా నాన్న గుంటూరు జిల్లాలో హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరయ్యారు. 2011 మేలో అమ్మతో కలిసి న్యూజెర్సీలో ఎడిసన్‌లోని మా ఇంటికి వచ్చేశారు. అప్పటికి ఆయనకు అరవై ఆరు, అమ్మకు యాభై ఎనిమిది. నా జీతంలోంచి ప్రతి నెలా మెడికేర్ టాక్సని 1.45 శాతం కోస్తారు, కంపెనీ ఇంకో 1.45 శాతం వేస్తుంది. ఇన్నేళ్లు కట్టాను గనక నాన్నకు కార్డు దానంతటదే పోస్టులో వస్తుందనుకున్నాను. రాదండీ. మనం కట్టింది మనకూ, మన భార్యకో భర్తకో పనికొస్తుంది. కన్నవాళ్లకు పనికిరాదు. పోనీ నాన్న సర్వీసైనా లెక్కలోకి వస్తుందా అంటే, భారత్‌కూ అమెరికాకూ మధ్య సోషల్ సెక్యూరిటీ (ఇక్కడి ప్రభుత్వ పెన్షన్ వ్యవస్థ) ఒప్పందమే లేదు. ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పిన మనిషి ఇక్కడి లెక్కలో ఒక్క రోజు కూడా పనిచేయనట్టే.

లెక్క ఇదీ. అరవై అయిదు నిండాలి. అమెరికా పౌరులైనా అయి ఉండాలి, గ్రీన్‌కార్డు ఉండి ఇక్కడ ఏకబిగిన అయిదేళ్లు నివాసమైనా ఉండాలి. తమకో, జీవిత భాగస్వామికో నలభై వర్క్ క్రెడిట్లు, అంటే దాదాపు పదేళ్ల ఉద్యోగం ఉంటే హాస్పిటల్ ఖర్చు చూసే పార్ట్ ఎ ఉచితం, అయిదేళ్ల నివాసం షరతూ ఉండదు. క్రెడిట్లు ముప్పై కూడా లేకపోతే కొనుక్కోవాలి, 2026లో నెలకు 565 డాలర్లు. ముప్పై నుంచి ముప్పై తొమ్మిది దాకా ఉంటే 311. డాక్టర్లు, పరీక్షలు చూసే పార్ట్ బి ప్రీమియం 202.90 డాలర్లు, అది పార్ట్ ఎ ఉచితమైనవాళ్లూ కట్టాల్సిందే. మీ అమ్మానాన్నలకు రెండూ కొంటే 2026 లెక్కన తలకు 767.90. పార్ట్ బి ఒక్కటే కొనుక్కోవచ్చు, అలా నెట్టుకొస్తున్న ఇళ్లు మా చుట్టుపక్కలే ఉన్నాయి. నేనైతే ఆ పని చేయను. గుండెపోటుతో నాలుగు రోజులు హాస్పిటల్లో పడుకుంటే ఆ బిల్లు తీర్చేది పార్ట్ ఎ.

ఇక నేను చేసిన తప్పు. అయిదేళ్లు నిండాక ఎప్పుడు వెళ్లినా ఇస్తారులే అనుకున్నాను. అర్హత వచ్చే నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలల్లోపే చేరాలి. నాన్నకు అది 2016లో వేసవి దాటేసరికే అయిపోయింది. ఎవరూ ఉత్తరం రాయరు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ తీసుకుంటున్నవాళ్లనే వాళ్లంతట వాళ్లు చేరుస్తారు, మిగతావాళ్లు అడగాలి. 2017 అక్టోబరులో గుళ్లో ఒక పెద్దాయన, "మీ అమ్మగారికి జనవరికి అరవై అయిదు కదా, అప్లయి చేశారా?" అని అడిగితే గానీ నాకు వెలగలేదు. అమ్మకు అప్పుడే మొదలైంది ఏడు నెలల గడువు. నాన్నకు దాటిపోయి ఏడాది అయింది.

మధ్యలో ఆయనకు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ (ప్రభుత్వ వెబ్‌సైట్లో మనమే కొనుక్కునే ఇన్సూరెన్స్) ఉందిగా అని వాదించాను. తమదో, భార్యదో భర్తదో ఉద్యోగం తాలూకు గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంటేనే ఆలస్యానికి మినహాయింపు. సొంతంగా కొనుక్కున్న ప్లానుకు లేదు. గడువు దాటినవాళ్లకు మిగిలేది జనవరి నుంచి మార్చి దాకా ఉండే జనరల్ ఎన్‌రోల్‌మెంట్. అప్పటి రూలు ప్రకారం 2018 మార్చిలో చేరితే జూలైకి గానీ కవరేజి మొదలు కాలేదు. 2023 నుంచి మారింది, ఇప్పుడు చేరిన మరుసటి నెలకే మొదలవుతుంది.

మెడికేర్‌లో చేర్చుకునేది సోషల్ సెక్యూరిటీ ఆఫీసే. అక్కడ కౌంటర్ వెనకున్న ఆవిడ నాన్న పాస్‌పోర్టు తీసుకుని ఒక్కో పేజీ తిప్పుతూ శంషాబాద్ ముద్రలన్నీ వెతికి పట్టుకుంది. వెళ్లింది ఎప్పుడు, వచ్చింది ఎప్పుడు, పక్కన కాగితం మీద రాసుకుంటూ పోయింది. నాన్న ఏ ఏడూ నాలుగు నెలలకు మించి ఊళ్లో ఉండలేదు గనక సరిపోయింది. మీ వాళ్లు ఏడెనిమిది నెలలు ఊళ్లో ఉండిపోయిన ఏడు ఏదైనా ఉంటే "ఏకబిగిన" అన్న మాట దగ్గర పేచీ వస్తుంది. పాత పాస్‌పోర్టులు కూడా పట్టుకెళ్లండి.

ఆ జూలై నుంచి ఒకే ఇంటికి రెండు బిల్లులు రావడం మొదలైంది. అమ్మది 556 డాలర్లు, పార్ట్ ఎ 422, పార్ట్ బి 134. నాన్నది 611 డాలర్ల 60 సెంట్లు. మిగతా 55.60 నా అజ్ఞానానికి వేసిన జరిమానా. పార్ట్ ఎ మీది పది శాతం రెండేళ్లకు తీరిపోయింది. పార్ట్ బి మీది జీవితాంతం ఉంటుంది, నిండుగా గడిచిన ప్రతి పన్నెండు నెలల ఆలస్యానికీ పది శాతం. ప్రీమియం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతుంది, ఇప్పుడు నెలకు 20.30. లెక్కల మాస్టారు కదా, నాన్న ఆ కాగితం చూసి "పేపరు ఆలస్యంగా ఇస్తే మార్కులు కోసేవాణ్ణి, ఇప్పుడు నా వంతు" అన్నారు. నన్ను ఒక్క మాటా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది.

ప్రీమియం మోయలేం అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది, కాకపోతే పదేళ్ల దారి. మా వీధిలో ఒకాయన అరవైలో వచ్చి గ్యాస్ స్టేషన్ కౌంటర్లో చేరారు. ఏడాదికి నాలుగు క్రెడిట్లు రావాలంటే 2026లో సంపాదన 7,560 డాలర్లుంటే చాలు, వారానికి రెండు రోజుల పని. డెబ్భై దాటేసరికి నలభై క్రెడిట్లు నిండాయి, ఆయనకూ భార్యకూ పార్ట్ ఎ ఉచితమైంది. ఒక్కటే షరతు, జీతం చెక్కు మీద రావాలి, పన్ను కోయాలి. సరుకుల కొట్లో చేతిలో పెట్టే క్యాష్ ఎన్నేళ్లు తీసుకున్నా ఒక్క క్రెడిట్ రాదు.

కార్డు వచ్చాక కూడా అంతా కవర్ అవుతుందనుకోకండి. పార్ట్ బిలో ఏడాదికి మొదటి 283 డాలర్లు మనవి, ఆ తర్వాత ప్రతి బిల్లులో ఇరవై శాతం మనదే, దానికి పై హద్దు లేదు. పళ్లు, వినికిడి మిషన్లు, మామూలు కళ్లజోళ్లు చూడదు. మంచాన పడితే ఏళ్లతరబడి నర్సింగ్ హోమ్ ఖర్చు కూడా చూడదు. ఆ ఇరవై శాతం కోసం మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ తీసుకుంటారు. అరవై అయిదు దాటి పార్ట్ బి మొదలైన తొలి ఆరు నెలల్లో అయితే ఉన్న జబ్బులు చూసి కాదనడానికి కంపెనీకి వీల్లేదు. షుగరూ బీపీ ఉన్న మన పెద్దవాళ్లకు ఆ ఆరు నెలలు బంగారం. మెడికేర్‌నే ప్రైవేటు కంపెనీల ద్వారా తీసుకునే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు చవగ్గా కనిపిస్తాయి, కొన్నిటికి ప్రీమియం సున్నా, పళ్లు కూడా చూస్తారు. కానీ ఆరు నెలలకు మించి వాళ్ల ఏరియా దాటి ఉంటే తీసేస్తారు. సంక్రాంతికి వెళ్లి మామిడికాయల సీజన్ అయ్యాక తిరిగొచ్చేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. ఇండియాలో వైద్యానికి అసలు మెడికేర్ పైసా ఇవ్వదు. మెడిగ్యాప్‌లో ప్లాన్ జి లాంటివి మాత్రం ప్రయాణంలో మొదటి అరవై రోజుల్లో ఎమర్జెన్సీ వస్తే 250 డాలర్లు పోగా 80 శాతం ఇస్తాయి, జన్మలో 50,000 డాలర్ల దాకా.

ఇంకో దెబ్బ కూడా చెప్పాలి. ఆమధ్య అమ్మ మెట్ల మీద జారి పడింది, మూడు రాత్రులు హాస్పిటల్లో ఉంది. బెడ్డు, చేతికి బ్యాండు, భోజనం ట్రే, అన్నీ మామూలే. రెండో రోజు ఒక అమ్మాయి కాగితం తెచ్చి సంతకం పెట్టించుకుంది, అమ్మ గుండ్రటి తెలుగు అక్షరాల్లో పెట్టింది. అది "మిమ్మల్ని అడ్మిట్ చేయలేదు, అబ్జర్వేషన్‌లో ఉంచాం" అనే నోటీసు. ఆ తర్వాత నడక నేర్పడానికి నర్సింగ్ హోమ్‌లోని రీహాబ్‌కు పంపారు. వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా, అంటే అడ్మిట్ అయి ఉంటేనే మెడికేర్ ఆ రీహాబ్‌కి డబ్బిస్తుంది, మొదటి ఇరవై రోజులు పూర్తిగా. అబ్జర్వేషన్ రాత్రులు లెక్కలోకి రావు. రెండు వారాల బిల్లు మేమే కట్టాం. మీ వాళ్లు ఎప్పుడైనా హాస్పిటల్లో చేరితే మొదటి రోజే అడగండి, ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా అని. డాక్టరుతో మాట్లాడి మార్పించుకునే వీలు అక్కడున్నంతసేపే.

మీ వాళ్ల సంగతికొస్తే, అమ్మగారికి డిసెంబరులో అరవై అయిదు నిండినా అయిదేళ్లు నిండేది 2027 జూన్‌కే. కాబట్టి ఇద్దరికీ అదే లెక్క. 2027 మార్చిలోనే సోషల్ సెక్యూరిటీకి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి, ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఉచితంగా ఇస్తారు. మెడికేర్ మొదలయ్యేదాకా మార్కెట్‌ప్లేస్ ప్లాన్ వదలకండి. ప్లాన్ ఎంచుకోవడానికి ఏజెంటు కంటే ముందు మీ రాష్ట్రంలో షిప్ అనే ఉచిత కౌన్సెలింగ్ సేవ ఉంటుంది, వాళ్లను అడగండి. వాళ్లకు కమీషన్ లేదు.

ఇప్పుడు బావగారు. వయసు లేకపోయినా మెడికేర్‌కి రెండు దారులున్నాయి. మామూలు దారి, సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ రావాలి. దానికి అయిదు నెలల నిరీక్షణ, అది మొదలయ్యాక ఇరవై నాలుగు నెలలు, వెరసి ఇరవై తొమ్మిది నెలలు. అప్లికేషన్ తేలడానికి ఏడాది పట్టినా బాధపడక్కర్లేదు, లెక్క పనిచేయలేని స్థితి మొదలైన తేదీ నుంచి నడుస్తుంది. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బుకైతే ఈ నిరీక్షణ లేదు. రెండో దారి కిడ్నీది. 1972లో నిక్సన్ సంతకం చేసిన చట్టం డిసెబిలిటీ ఉన్నవాళ్లతో పాటు కిడ్నీలు పోయినవాళ్లనూ చేర్చింది. అంతకు ముందు ఏడాది ఒక రోగి చట్టసభ కమిటీ ఎదుటే డయాలిసిస్ మిషన్ పెట్టించుకుని చూపించాడు.

ఈ దారిలో రెండేళ్ల నిరీక్షణ లేదు. సెంటర్‌కు వెళ్లి చేయించుకుంటే నాలుగో నెల మొదటి తారీకు నుంచి, అంటే ఫిబ్రవరిలో మొదలైంది గనక మే 1 నుంచి. ఆ మూడు నెలలు నిండకముందే ఇంట్లో చేసుకునే డయాలిసిస్‌కి ట్రైనింగులో చేరితే ఇంకా ముందే, మొదటి నెల నుంచే. నలభై క్రెడిట్లు అక్కర్లేదు, ఇటీవలి ఏళ్లలో కొంత పని చేసి ఉంటే చాలు. మీరు రాసినట్టు తొమ్మిదేళ్ల ఉద్యోగం, గ్రీన్‌కార్డు రెండూ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు. ఇక్కడ గ్రీన్‌కార్డు మాట ఊరికే అనడం లేదు. 2025 జూలైలో వచ్చిన చట్టంతో హెచ్-1బీ మీద పదిహేనేళ్లు టాక్సు కట్టినవాళ్లకు కూడా గ్రీన్‌కార్డు చేతికి రాకపోతే మెడికేర్ లేదు. క్యూలో ఉన్న మనవాళ్లు ఎంతమందికి ఇది తెలుసో.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉందన్నారు కాబట్టి మొదటి ముప్పై నెలలు అదే ముందు కడుతుంది, మెడికేర్ రెండోది. అందుకని ఉద్యోగం మానేసే తొందర పడొద్దనండి. కిడ్నీ మార్పిడి జరిగితే, కిడ్నీ కారణంగా మాత్రమే వచ్చిన మెడికేర్ ముప్పై ఆరు నెలల తర్వాత ఆగిపోతుంది. ఇదీ దానంతటది రాదు, అడగాలి. సీఎంఎస్-2728 అనే ఫారం నింపాల్సింది డయాలిసిస్ సెంటరే, ప్రతి సెంటర్లో ఒక సోషల్ వర్కర్ ఉంటారు. రేపు డయాలిసిస్‌కి వెళ్లినప్పుడు కుర్చీలో కూర్చోకముందే ఆ సోషల్ వర్కర్‌ని పిలిచి ఆ ఫారం పంపారా లేదా అని అడగమనండి, పంపితే కాపీ తీసుకోమనండి.