కుక్కనో పిల్లినో పెంచుకుంటే నిజంగా సంతోషం పెరుగుతుందా?

పెరిగి తీరుతుందని చెప్పలేం. అమెరికాలో 2018 జనరల్ సోషల్ సర్వేలో కుక్కలున్నవాళ్లలో 36 శాతం మంది చాలా సంతోషంగా ఉన్నామన్నారు. పిల్లులున్నవాళ్లలో 18 శాతమే, ఏవీ లేనివాళ్లలో 32 శాతం. అలాగని పిల్లి దిగులు తెస్తుందనుకోకండి, పాపం! అక్కడ కుక్కలు పెంచేవాళ్లలో పెళ్లయినవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు ఎక్కువ. తేడాలో కొంత ఆ పెళ్లి, సొంతిల్లు వల్ల వచ్చిందే.

కాసేపటి ఊరట మాత్రం నిజం. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థులు పది నిమిషాలు కుక్కల్ని, పిల్లుల్ని నిమిరితే వాళ్ల లాలాజలంలో కార్టిసాల్, అంటే టెన్షన్ పెరిగినప్పుడు ఊరే హార్మోన్, తగ్గిందని 2019లో వచ్చిన పరిశోధన చెప్పింది. కానీ రోజంతా ఇంటికి తాళమేసి ఆఫీసుకెళ్లేవాళ్లు కుక్క విషయంలో తొందరపడొద్దు. పొద్దున, సాయంత్రం బయట తిప్పేవాళ్లు లేకపోతే దానికి నరకం.