‘ఆయన మనకేమవుతారు?’ అంటున్నారు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉప్పల్‌లో ఉంటాం. జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్‌ని. ఉస్మానియాలో ఎం.ఏ. చదివేటప్పుడు మాకు ప్రాచీన సాహిత్యం చెప్పిన ప్రొఫెసర్ గారు నాలుగు నెలల కింద గుండెపోటుతో పోయారు. పీహెచ్‌డీ కూడా ఆయన దగ్గరే చేశాను. అప్పటి నుంచి సరిగా నిద్ర లేదు. క్లాసులో భాగవతం పద్యం ఎత్తుకుంటే గొంతు పూడుకుపోతోంది. పోవడానికి రెండు రోజుల ముందు సార్ మూడుసార్లు ఫోన్ చేశారు. బాబు పరీక్షల టెన్షన్‌లో ఉండి ఎత్తలేదు, తర్వాత చేద్దామనుకుని చేయలేదు. సంస్మరణ సభలో మైక్ ఇస్తే ఒక్క మాట రాక దిగిపోయాను. మా ఆయన ‘మీ నాన్న పోయినప్పుడు కూడా నువ్వింత ఏడవలేదు. ఈయన మనకేమవుతారు?’ అంటున్నారు. అత్తయ్యదీ అదే మాట. నాన్న పోయినప్పుడు నాకు 21, తమ్ముడు టెన్త్. సార్ భార్య రెండుసార్లు ఫోన్ చేసి, ‘పుస్తకాలేం చేయాలో చూద్దువు, ఓసారి రామ్మా’ అన్నారు. వాళ్ల పిల్లలు అమెరికాలో ఉంటారు. నాకు వెళ్లాలంటే భయం. ఇదేమైనా జబ్బా?

జవాబు: అమ్మా, ఉత్తరంలో ఫోన్ సంగతి రెండు ముక్కల్లో దాటేశారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీకు నిద్ర పట్టనివ్వనిది అదేననిపిస్తోంది.

ఒంట్లో బాగాలేదని చెప్పడానికే చేశారేమో, ఎత్తి ఉంటే బతికేవారేమో అన్న ఊహ రాత్రిళ్లు వస్తుంటుంది కదూ? కొంచెం నిదానంగా చూడండి. ఇంట్లో భార్య ఉండగా, ఛాతీలో నొప్పి వచ్చిన పెద్దాయన ఉప్పల్‌లో ఉన్న శిష్యురాలికి ఫోన్ చేయడు. ఏదో పుస్తకం మీ దగ్గరుందా అని అడగడానికో, ఎవరి సిద్ధాంతగ్రంథమో చూసిపెట్టమనడానికో చేసి ఉంటారు. ఇన్నేళ్లలో మీరు ఎత్తని ఫోన్లు ఎన్నో ఉంటాయి, ఆయన ఎత్తనివీ ఉంటాయి. వాటిలో ఒక్కటైనా గుర్తుందా? ఈ మూడూ చివరివి కావడం వల్ల బరువెక్కాయి. మోగుతున్నప్పుడు అవి చివరివని మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. ఎందుకు చేశారో ఎవరికైనా తెలిసుంటే అది అమ్మగారికే. ఆమె రమ్మంటున్నారు, మీరు వెళ్లడం లేదు.

జబ్బా అని అడిగారు. మీరు రాసినదాన్ని బట్టి కాదనే అనుకుంటున్నాను. దుఃఖం ఎంతకాలం సాగితే వైద్యం కావాలన్నదానికి కొన్ని కొలతలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కనీసం ఆరు నెలలు అని ఉంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2022లో ఇలాంటి దుఃఖాన్ని తమ జాబితాలో చేర్చినప్పుడు పెద్దవాళ్లకు ఏడాది గడవాలని పెట్టింది. గడువు ఒక్కటే చాలదు, రోజువారీ బతుకు కూడా కుంటుపడాలి. మీరు రోజూ కాలేజీకి వెళ్తున్నారు, పాఠం చెబుతున్నారు. కాకపోతే నాలుగు నెలలుగా నిద్ర లేదంటే దాన్ని వదిలేయకండి, ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. బతకాలని లేదన్న ఆలోచన ఏ రాత్రయినా వస్తే తెల్లారేదాకా ఆగక్కర్లేదు, 14416కు చేయండి. టెలీమానస్ అని మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. వాట్సాప్‌లో తిరిగే ‘దుఃఖానికి ఐదు దశలు’ మాత్రం పట్టించుకోకండి. 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే మానసిక వైద్యురాలు ఆ దశలు చెప్పింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకు ఆ కొలత తర్వాత అంటగట్టారు.

ఇక వరస సంగతి. మన దగ్గర చావు ఎవరి వాటా వాళ్లకు పంచేస్తుంది. కొరివి ఎవరు పెట్టాలి, మైల ఎవరికి ఎన్నాళ్లు, బట్టలు ఎవరు పెట్టాలి, అన్నీ వరసను బట్టే. శిష్యురాలికి అందులో పీట ఉండదు. పదోరోజున వచ్చి, భోంచేసి, సెలవు లేదు కాబట్టి మర్నాడు పాఠం చెప్పుకోవాలి. నలుగురూ గుర్తించని ఇలాంటి దుఃఖానికి కెన్నెత్ డోకా అనే అమెరికా పరిశోధకుడు 1989లో ఒక పేరే పెట్టాడు. దాన్ని మనం ‘హక్కు లేని దుఃఖం’ అనుకోవచ్చు. మీ అత్తయ్యగారికి డోకా పనికిరాడు. ఆమెకు ఇది చెప్పండి: ఆచార్యుడు పోతే శిష్యుడికి మూడు రాత్రుల మైల ఉందని మనుస్మృతిలోనే ఉంది. ఆ గ్రంథంతో నాకు వంద పేచీలున్నాయి, అయినా ఈ ఒక్క సంగతికి ఇవాళ వాడుకుందాం.

మీ ఆయన మాట కటువుగా ఉంది, నిజమే. కానీ అందులో ఒక ప్రశ్న ఉంది, దానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పినట్టు లేదు. ఆయనకు సార్ అంటే బహుశా పెళ్లి ఆల్బమ్‌లో అక్షింతలు వేస్తున్న ఒక పెద్దమనిషి, అంతే. నాన్నగారి విషయమైతే, 21 ఏళ్లకు తండ్రి పోతే, ఇంట్లో టెన్త్ చదివే తమ్ముడుంటే, పెద్దపిల్లకు ఏడ్చే తీరిక ఎక్కడుంది? ఆ తర్వాత కొన్నాళ్లకే ఉస్మానియాలో ఈ సార్ దొరికారు. ఇప్పుడు ఏడుస్తున్నది ఒక్కరి కోసమేనా, అప్పుడు ఆగిపోయింది కూడా కలిసిందా? ఉత్తరం చూసి తేల్చలేను, మీకే తెలియాలి. అలా కలిసినా తప్పేం లేదు.

సభలో మాట రాలేదని బాధపడకండి. త్యాగరాయ గానసభలోనూ రవీంద్రభారతిలోనూ ఇలాంటి సభలు నేను చాలా చూశాను. పదిమంది వరసగా లేచి ‘తీరని లోటు’ అంటారు, బయట టీ దగ్గరికి వచ్చేసరికి ఎవరేమన్నారో ఎవరికీ గుర్తుండదు. చెప్పాలనుకున్నది కాగితం మీద పెట్టండి. మహానుభావుడు, మార్గదర్శి లాంటి మాటలు లేకుండా రాయండి: సుద్దముక్క ఎలా పట్టుకునేవారు, ఏ సమాసం తప్పు విడగొడితే కళ్లద్దాలు తీసేవారు, మీ థీసిస్‌లో ఏ పేజీ కొట్టేశారు. నాకు డిగ్రీలో తెలుగు చెప్పిన మేడం పోయి 11 ఏళ్లయింది. ఇప్పటికీ ‘కృతజ్ఞత’ అని రాస్తే ఆమె పక్కన నిలబడినట్టే ఉంటుంది. పోయినవాళ్లతో బంధం తెంచుకుంటేనే కోలుకుంటామన్న పాత నమ్మకాన్ని 1996 నాటికే పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. క్లాసులో గొంతు పూడుకుపోతే ఆగి, ‘ఈ పద్యం నాకు చెప్పిన సార్ ఈమధ్యే పోయారు’ అనండి. పిల్లలు అర్థం చేసుకుంటారు.

అమ్మగారి దగ్గరికి ఈ ఆదివారమే వెళ్లండి. మొదటిరోజు పుస్తకాలు ముట్టుకోకండి. పెద్దవాళ్లు మనిషిని రమ్మనడానికి ఏదో పని చెబుతారు. ఫోన్ సంగతి ఆమె అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పేయండి.

పుస్తకాల పని తర్వాత నెమ్మదిగా పెట్టుకోండి, ఒక్కరే నెత్తిన వేసుకోకండి, పాత స్నేహితుల్ని ఇద్దర్ని పిలవండి. సార్ మార్జిన్లలో రాసుకున్న పుస్తకాలు, నోట్సులు, ఉత్తరాలు ఒక పక్కన. మామూలు అచ్చు పుస్తకాలు ఇంకో పక్కన. వాటికి జాబితా రాసి సుల్తాన్‌బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయంలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ముందుగా అడగండి. 1901 నుంచి ఉన్న ఆ నిలయంలో సార్ పుస్తకాల్లో చాలావాటికి ప్రతులు ఉండొచ్చు, అందుకే అన్నీ తీసుకోవాలని లేదు. మిగిలినవి ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌కు చేరినా పాపమేం కాదు, వాటిలో సగం సార్ అక్కడ కొన్నవే అయ్యుంటాయి. చేతిరాత కాగితాలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఫోన్‌తో ఫోటోలు తీసి దాచండి. అచ్చువేయాలనుకుంటే అమ్మగారి, పిల్లల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు ఉంటుంది, సాధారణంగా అది వారసులదే.

వెళ్లేటప్పుడు బండి మీద మీ ఆయన్నే దింపమనండి. కింద నిలబడి ఫోన్ చూసుకుంటానంటే ఒప్పుకోకండి, పైకి తీసుకెళ్లండి. మీరు ఆ ఇంటికి ఏమవుతారో అమ్మగారు చెబుతారు.