నేర్పిన అన్నలకే మళ్లీ నేర్పడం ఎలా?

ప్రశ్న: నేను తిరుపతిలో బీటెక్ చదువుతున్నాను. 2021 జులైలో ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్ బీజీఎంఐ వచ్చినప్పుడు మా వీధి అన్నలు కొందరు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో తెలుగు గేమర్ల కోసం ఒక సర్వర్ (గ్రూపు లాంటిది) పెట్టారు. పీలేరు, మదనపల్లె, చిత్తూరు కుర్రాళ్లతో మొదలై ఇప్పుడు అన్ని జిల్లాల వాళ్లూ చేరారు. 2022లో గేమ్‌ని స్టోర్ల నుంచి తీసేశాక ఆ అన్నలు ఉద్యోగాలంటూ బెంగళూరు, చెన్నై వెళ్లిపోయారు. అప్పట్నుంచీ మేమే చూసుకుంటున్నాం. ఇప్పుడు ముగ్గురు మళ్లీ మోడరేటర్లుగా, అంటే సర్వర్లో గొడవలు రాకుండా చూసుకునేవాళ్లుగా వస్తామంటున్నారు. పైసా రాని పనికి వాళ్లంతట వాళ్లు రావడం సంతోషమే, కానీ ఇప్పటి పద్ధతులు వాళ్లకి చెప్పే బాధ్యత నా మీద పెట్టారు. నాకీ పని నేర్పిందే వాళ్లు. ఒక అన్న అయితే రాగానే "నా పాత రోల్ నాకిచ్చెయ్ తమ్ముడూ" అన్నాడు. టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అన్న అడిగాడు కదా అని పాత రోల్, అంటే దాంతో వచ్చే అధికారాలు వెంటనే ఇచ్చేయకండి. ముందు ఫోన్ చేసి గొంతు వినండి. ఏళ్ల తరబడి నిద్రపోయిన అకౌంట్ ఉన్నట్టుండి లేచి అధికారాలు అడుగుతోందంటే, దాన్ని ఎవరో కొట్టేసి ఉండొచ్చు. ఉచితంగా నైట్రో (డిస్కార్డ్ పెయిడ్ ప్లాన్) ఇస్తామనే లింకు నొక్కి, తెలియని క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి అకౌంట్లు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మాట్లాడేది అన్నే అని తేలాక టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) పెట్టించండి. ఆ తర్వాత మెసేజ్ తీసేసే అధికారం, టైమౌట్ ఇచ్చే (కాసేపు మాట్లాడకుండా ఆపే) అధికారం ఇవ్వండి, మొదటి నెలకి అవి చాలు. బ్యాన్ చేసే అధికారం సంగతి తర్వాత చూసుకోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ అధికారం మాత్రం వద్దు, అది ఉన్నవాళ్లకి మీరు ఏ ఛానెల్లో పెట్టిన ఆంక్షా వర్తించదు. ఇదంతా అన్న మీద అనుమానంతో చేస్తున్నట్టు కాకుండా, తిరిగొచ్చిన ప్రతి ఒక్కరికీ ఇదే నియమం అని ముందే రాసి పెట్టుకుంటే ముగ్గురిలో ఎవరూ చిన్నబుచ్చుకోరు, మీకూ మొహమాటం ఉండదు.

అసలు పని ఆ తర్వాతే. కూర్చోబెట్టి రూల్స్ చదివి వినిపించకండి, మీరు ఇబ్బంది పడతారు, ఆయనా పడతాడు. రోజూ వచ్చే గొడవల్లోంచి ఒకటి తీసి "అన్నా, ఇది నీ ముందుకొస్తే ఏం చేస్తావు?" అని అడగండి. ఆయన చెప్పేదాకా మీ అభిప్రాయం చెప్పొద్దు. ఆయన నిర్ణయం మీదీ ఒకటైతే సరే, తేడా వస్తే ఎందుకొచ్చిందో ఇద్దరూ మాట్లాడుకోండి. పెద్దవాడికి నేర్పడానికి నాకు తెలిసిన మర్యాదైన దారి ఇదొక్కటే, పైగా ఇందులో మీరు నేర్చుకునేదీ చాలా ఉంటుంది, ఎందుకంటే జనాన్ని చల్లార్చే ఓపిక పాతవాళ్లలో ఎక్కువ.

ఉదాహరణకి ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. రాత్రి పదకొండింటికి స్క్రిమ్స్ (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) నడుస్తుండగా పీలేరు కుర్రాడు "రేయ్ నీ యబ్బా, రివైవ్ చెయ్ రా" అని చాట్‌లో కొట్టాడు. దాన్ని చూసి వైజాగ్ కుర్రాడు తనని తిట్టాడని రిపోర్ట్ కొట్టాడు. మన గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు బూతులు తిడితే ఎవరూ నొచ్చుకోనట్టే, పీలేరు కుర్రాడి ఆ మాటలో విషం లేదు. వైజాగ్ అబ్బాయికి ఒక ముక్క చెబితే సరిపోతుంది. ఇక రెండోది. కొత్తగా చేరిన ఒక అమ్మాయిని ఒకడు రోజూ మర్యాదగానే పలకరిస్తాడు: "ఏ కాలేజీ? పద్మావతిలోనా? హాస్టలా, ఇంటి నుంచా?" ఒక్క బూతు ముక్క లేదు. ఆటోమోడ్‌లో, అంటే మాటల్ని బట్టి మెసేజ్‌ల్ని తనంతట తానే ఆపే డిస్కార్డ్ ఏర్పాటులో, మీరు ఎన్ని తెలుగు తిట్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎన్ని స్పెల్లింగుల్లో ఎక్కించినా మొదటిదాన్ని పట్టుకుంటుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. మోడరేటర్ ఉన్నదే ఆ రెండోదాని కోసం. అన్నలు వెళ్లిపోయే నాటికి ఆటోమోడ్ అప్పుడే, 2022 జూన్‌లో వచ్చింది. అది చూసుకుంటుందిలే అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు కూర్చోండి.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెప్పాల్సింది. అప్పట్లో ఇరవై, యాభై ఎంట్రీ ఫీజు పెట్టి గెలిచినవాడికి డబ్బులిచ్చే కస్టమ్ రూములు (సొంతంగా పెట్టుకునే మ్యాచ్‌లు) చాలా సర్వర్లలో నడిచేవి. అన్నలకి అది మామూలు విషయంలా అనిపించొచ్చు. డబ్బు పందెం ఆటల మీద మన రాష్ట్రంలో 2020లోనే నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో అయితే అలాంటి ఆటలకి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని ఉంది. అలాంటి రూములు వద్దు. కలర్ ప్రిడిక్షన్ (రంగు ఊహించి పందెం కాసే ఆట), బెట్టింగ్ లింకులు ఎవరు పెట్టినా, పాత స్నేహితుడు పెట్టినా, తీసేసి రాసిపెట్టుకోవాల్సిందే. ఎవరు ఏం చేశారో నమోదయ్యే డిస్కార్డ్ ఆడిట్ లాగ్ 45 రోజులే ఉంటుంది కాబట్టి ఎవరిని ఎందుకు తీసేశారో మీకంటూ ఒక ప్రైవేట్ ఛానెల్లో నోట్ పెట్టుకోవడం అలవాటు చేయండి.

చివరగా, అప్పుడు ఎందుకు మానేశారో ముగ్గురినీ విడివిడిగా అడగండి. ఉద్యోగమని ఒకరు, ఇంట్లో గొడవని ఒకరు, సర్వర్లో ఎవరితోనో చెడిందని ఒకరు చెప్పొచ్చు. మూడోవాళ్లని ఆ చెడినవాళ్ల ఫిర్యాదుల మీద కూర్చోబెట్టకండి. రాత్రి షిఫ్ట్ ఉద్యోగమున్న అన్నని రోజూ రమ్మనకండి, ఆదివారం రెండు గంటలు చాలు.

ప్రశ్న: చిత్తూరులో టీచర్‌గా చేస్తున్నాను. పిల్లలు ఎక్కువగా ఆడే మైన్‌క్రాఫ్ట్ గేమ్ గ్రూపు ఒకదానిలో మోడరేటర్‌గా ఉండి, ఒకడు ఇన్‌స్టాగ్రామ్ దాకా వెతుక్కుంటూ వచ్చి వేధించడంతో మానేశాను. ఇప్పుడు మళ్లీ రమ్మంటున్నారు. పిల్లలంటే ఇష్టం, వెళ్లాలని ఉంది, భయమూ ఉంది.
- ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: వెళ్లే ముందు వాళ్లని ఒకటి అడగండమ్మా: అప్పుడు వాడిని ఏం చేశారు? బ్యాన్ చేసి, మళ్లీ వేరే పేరుతో రాకుండా చూశామంటే మాట్లాడొచ్చు. "వాడు మంచోడే, ఏదో సరదాకి" అనే జవాబు వస్తే ఆ గ్రూపుకి మీ అవసరం ఉంది కానీ మీ మీద శ్రద్ధ లేదు, వెళ్లకండి.

వెళ్తే కొత్త అకౌంట్‌తో, మీ ఫొటో, స్కూలు పేరు, ఊరు లేకుండా వెళ్లండి. సర్వర్ సభ్యుల నుంచి వచ్చే డైరెక్ట్ మెసేజ్‌లు ఆపేయండి, ఫిర్యాదులన్నీ మోడరేటర్లందరికీ కనిపించే ఛానెల్లోకే రావాలని చెప్పండి. కోపంతో ఉన్నవాడితో మీరొక్కరే మాట్లాడే పరిస్థితి రాకూడదు, పక్కన ఇంకొకరుండాలి, అది మీ షరతుగా పెట్టండి. వేధింపు మళ్లీ మొదలైతే ముందు స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మహిళల మీద జరిగే నేరాలకి అందులో విడిగా విభాగం ఉంది.