టెక్ సందేహాలు: 80 దాటితే బండి వణుకుతోందా? ముందు ఫోన్‌తో కొలవండి

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు): నాది డీజిల్ ఫోర్ బై ఫోర్, మాన్యువల్ గేర్లు. బండి ఎత్తు పెంచే 2 అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించి, పాత సైజులోనే (255/65 ఆర్18) బురదకి పనికొచ్చే మడ్ టెర్రైన్ టైర్లు మార్చాను. వికారాబాద్ వైపు బురదలో తిప్పి వచ్చాక, ఔటర్ రింగ్ రోడ్డు మీద 80 దాటగానే సీటు కింద, ఫ్లోర్‌లో వణుకు వస్తోంది. స్టీరింగ్ మామూలుగానే ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువవుతోంది. వీల్ బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించాను, షాక్ అబ్జార్బర్లు మార్పించాను. ఇప్పుడు మెకానిక్ ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) మార్చాలంటున్నాడు. వణుకు ఎక్కడినుంచి వస్తోందో చెప్పే యాప్ ఏదైనా ఉందా?

జవాబు: ఉంది, దానికి డబ్బులు కూడా పెట్టక్కర్లేదు. కానీ ఇది తేలేదాకా మౌంటింగుల మీద ఒక్క రూపాయి పెట్టకండి. మీరు రాసినదాంట్లో షాక్ అబ్జార్బర్లు మార్చడానికి తగిన కారణం నాకెక్కడా కనిపించలేదు. కొలవకుండా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోతే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది, ఆ జబ్బు తిరిగే భాగాల్లో ఉంటే ప్రాణాల మీదకి కూడా రావచ్చు.

యాప్ సంగతికి ముందు, బండిని బాగా కడిగించండి. పైపైన కాదు, చక్రాలు విప్పించి రిమ్ములకి లోపలివైపు కడిగించాలి. బురదలో తిరిగిన బండికి రిమ్ము లోపల మట్టి ఒక పక్కనే పేరుకుని గట్టిపడుతుంది, ఆ బరువు చాలు చక్రం బ్యాలెన్స్ తప్పడానికి. మట్టి ఉండగానే మెషిన్ మీద బ్యాలెన్స్ చేసి సీసం ముక్కలు అంటిస్తే, తర్వాత ఆ మట్టి రాలిపోయినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. చక్రాలు విప్పినప్పుడే టైరు పక్కగోడల మీద ఉబ్బు ఉందా, రిమ్ము వంగిందా చూడండి. బిగించేటప్పుడు నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, టార్క్ రెంచితో బిగించమనండి. ఇవన్నీ చేశాక కూడా వణుకు ఉంటే అప్పుడు ఫోన్ తీయండి.

యాప్ పేరు ఫైఫాక్స్. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారుచేసింది, ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఉచితం. ఫోన్‌ను తిప్పితే స్క్రీన్ తిరిగేలా చేసే యాక్సిలరోమీటర్‌నే ఇది కొలిచే పరికరంగా వాడుకుంటుంది. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అని ఒక టూల్ ఉంటుంది, అది వణుకును సెకనుకు ఎన్నిసార్లు అనే లెక్కలో, అంటే హెర్ట్జ్‌లలో గ్రాఫ్ వేసి చూపిస్తుంది. మనకు కావలసిందల్లా ఆ గ్రాఫులో ఏ అంకె దగ్గర శిఖరం లేస్తోందన్నదే. బండిలో తిరిగే ప్రతి భాగానికీ తనదంటూ ఒక వేగం ఉంటుంది కాబట్టి అంకె తెలిస్తే దోషి ఎవరో చాలావరకు తెలిసిపోతుంది.

మీ బండికి లెక్క వేద్దాం. 255/65 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 789 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 2.48 మీటర్లు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22.2 మీటర్లు, అంటే చక్రం సెకనుకు సుమారు 9 సార్లు తిరుగుతుంది. కాబట్టి 9 హెర్ట్జ్ దగ్గర గానీ దానికి రెట్టింపు 18 దగ్గర గానీ శిఖరం ఉంటే టైరు, రిమ్ము, హబ్బు వైపు చూడాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్, అంటే గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి శక్తిని మోసే పొడవాటి కడ్డీ, చక్రం కంటే యాక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరిగితే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరుగుతుందనే లెక్క) అన్ని రెట్లు వేగంగా తిరుగుతుంది. మీ రేషియో ఎంతో బండి మాన్యువల్లో చూసుకోండి, ప్రస్తుతానికి 4 అనుకుంటే షాఫ్ట్‌ది 36 హెర్ట్జ్. షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 36 దగ్గర కనిపిస్తుంది, షాఫ్ట్ చివర్లలో ఉండే క్రాసుల (షాఫ్ట్ వాలుగా ఉన్నా తిరగనిచ్చే కీళ్ల) కోణం తేడా వస్తే ఒక్కో చుట్టుకు రెండు కుదుపులు కాబట్టి 72 దగ్గర కనిపిస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 1,800 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 1,800 చుట్లు తిరుగుతూ ఉంటే దానివి 30, 60 హెర్ట్జ్. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని బయల్దేరండి.

ఫోన్‌ని డ్యాష్‌బోర్డు హోల్డర్‌లో మాత్రం పెట్టొద్దు, ఆ హోల్డర్ చెయ్యి దానంతటదే ఊగుతుంది, గ్రాఫులో దాని ఊపే కనిపిస్తుంది. డ్రైవర్ సీటు పట్టాకి గానీ గట్టిగా ఉన్న ఫ్లోర్‌కి గానీ డబుల్ టేపుతో కదలకుండా అంటించండి, ఒకసారి ముందు, ఒకసారి వెనక సీటు కింద. ఇంకో సంగతి, మీ ఫోన్ సెన్సర్ సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తోందో యాప్‌లో చూసుకోండి. 100 సార్లే కొలిచే ఫోన్ 50 హెర్ట్జ్ వరకే సరిగా చూపించగలదు, దాంట్లో మన 72 అసలు కనిపించకపోవచ్చు, లేదంటే 28 దగ్గర లేని శిఖరంలా కనిపించి మిమ్మల్ని దారి తప్పించవచ్చు. కనీసం 200 సార్లు కొలిచే ఫోన్ కావాలి, మీది కాకపోతే ఇంట్లో వాళ్లది అడగండి. ఫోన్‌ని ఇంజిన్‌కి అంటించే ప్రయోగాలు వద్దు. బైకు ఇంజిన్ల గట్టి వైబ్రేషన్ వల్ల ఐఫోన్ కెమెరాలు దెబ్బతినవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది.

టెస్టుకి ఔటర్ మంచిదే, తెల్లవారుజామున ఖాళీగా ఉంటుంది, రోడ్డు నున్నగా ఉంటుంది కాబట్టి గతుకుల గోల గ్రాఫులో కలవదు. 80 వేగం కాబట్టి ఎడమవైపు లేన్లలోనే వెళ్లండి, ఏదైనా సరిచేయాలన్నా రోడ్డు పక్కన ఆపకుండా ఎగ్జిట్ తీసుకోండి. పక్కన ఎవరో ఒకరు తప్పకుండా ఉండాలి, డ్రైవ్ చేసేవాళ్లు స్క్రీన్ వైపు చూడకూడదు. ఫైఫాక్స్‌లో రిమోట్ యాక్సెస్ ఆన్ చేస్తే సీటు కింద ఉన్న ఫోన్ గ్రాఫును పక్కవాళ్లు తమ ఫోన్ బ్రౌజర్లోనే చూడొచ్చు, రెండూ ఒకే హాట్‌స్పాట్‌లో ఉంటే చాలు. వేగం స్పీడోమీటరులో కాకుండా జీపీఎస్‌లో చూసుకోండి.

80 దగ్గర నిలకడగా పోతూ అర నిమిషం రికార్డు చేయండి. అదే వేగంలో ఒక గేరు తగ్గించి మళ్లీ అర నిమిషం. ఆర్‌పీఎం పెరిగింది, వేగం మాత్రం అదే, కాబట్టి శిఖరం పక్కకి జరిగితే అది ఇంజిన్ వైపు వ్యవహారం, అప్పుడు మీ మెకానిక్ చెప్పిన మౌంటింగుల మాట ఆలోచించాల్సిందే. కదలకుండా అక్కడే ఉంటే చక్రాలో షాఫ్టో. ఈ గేరు మార్చే పని వదిలేయకండి, ఎందుకంటే గేర్‌బాక్సులో రేషియో 1 ఉండే గేరులో ఇంజినూ షాఫ్టూ సరిగ్గా ఒకే వేగంతో తిరుగుతాయి, ఆ ఒక్క గేరులోనే కొలిస్తే రెండింటినీ విడదీయలేం. చివరగా వెనక వాహనాలేమీ లేనప్పుడు క్లచ్ నొక్కి కొన్ని సెకన్లు బండిని దొర్లనివ్వండి, అప్పుడూ శిఖరం అక్కడే ఉంటే తప్పు ఇంజిన్‌ది కాదు. ఇంజిన్ ఆఫ్ చేయకుండా సుమా, ఆఫ్ చేస్తే స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కుతాయి.

మీ లక్షణాలు చూస్తే నా అనుమానమంతా వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదే. స్టీరింగ్ బాగుండి సీటు కింద వణకడం, యాక్సిలరేటర్ తొక్కితే పెరగడం, అన్నిటికంటే ముఖ్యంగా లిఫ్ట్ కిట్. బండి ఎత్తు పెరిగితే షాఫ్ట్ వాలు పెరుగుతుంది. క్రాసు వంకరగా తిరిగినప్పుడు షాఫ్ట్ ఒకే చుట్టులో కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా తిరుగుతుంది. ముందు క్రాసు చేసిన ఈ తేడాని వెనక క్రాసు సరిచేయాలి, అది జరగాలంటే రెండు చోట్లా కోణం దాదాపు సమానంగా ఉండాలి. ఇదీ ఫోన్‌తోనే కొలవొచ్చు, ఫైఫాక్స్‌లోనే ఇంక్లినేషన్ టూల్ ఉంది. గేర్‌బాక్సు వైపు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని బోల్టులతో బిగించే పళ్లెం), షాఫ్ట్, వెనక యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ వైపు ఫ్లాంజ్, మూడింటి వాలు రాసుకుని తేడాలు చూడండి. ముందు వెనక కోణాల మధ్య తేడా ఒక డిగ్రీ దాటితే లిఫ్ట్ వేసినవాళ్ల దగ్గరికే వెళ్లి సరిచేయించండి. కొలిచేటప్పుడు బండి బరువు చక్రాల మీదే ఉండాలి. చాలా షాపుల్లో బండిని రెండు స్తంభాల లిఫ్ట్ మీద పైకెత్తి చూస్తారు, అప్పుడు యాక్సిల్ కిందికి వేలాడి కోణాలన్నీ మారిపోతాయి. ర్యాంపు మీదో గుంత ఉన్న షెడ్డులోనో చేయించండి, జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కిందికి దూరొద్దు.

కోణాలు సరిగానే ఉండి గ్రాఫు 36 చూపిస్తుంటే, షాఫ్ట్ విప్పి బ్యాలెన్సింగ్ మెషిన్ మీద పెట్టించాలి. దాన్ని మామూలు టైర్ల షాపులో చేయరు, లారీల షాఫ్టులు చూసే వర్క్‌షాపులో అడగండి. విప్పే ముందు అతుకుల దగ్గర పెయింటుతో గుర్తులు పెట్టమని గట్టిగా చెప్పండి. స్ప్లైన్ (షాఫ్ట్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్ల భాగం) ఒక్క పన్ను పక్కకి జరిగి బిగిసినా రెండు క్రాసుల వరస తప్పి, 72 దగ్గర కొత్త వణుకు పుడుతుంది.

గేరు వేయగానే కింద టక్కుమని శబ్దం వస్తున్నా, వణుకు ఒక్కరోజులో పెరిగినా టెస్టులు ఆపేసి బండిని ట్రక్కు మీద షెడ్డుకి పంపండి. క్రాసు విరిగి షాఫ్ట్ ముందు చివర రోడ్డుకి తగిలితే ఆ వేగంలో బండి చేతిలో ఉండదు.

ప్రశ్న (ఉప్పల్ నుంచి): ఆర్‌పీఎం చూసుకోవడానికి బ్లూటూత్ ఓబీడీ డాంగుల్ (బండి కంప్యూటర్ పోర్టుకి తగిలించే చిన్న పరికరం) కొన్నాను. ఎప్పుడూ పెట్టే ఉంచొచ్చా? ఐఫోన్‌కి కనెక్ట్ కావడం లేదు.

జవాబు: బండి ఆపాక తీసేయండి. ఓబీడీ పోర్టుకి తాళంచెవి తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది, వారాలపాటు నిలిపి ఉంచే బండైతే బ్యాటరీ దిగిపోవచ్చు. ఐఫోన్ సంగతికొస్తే, చౌక డాంగుళ్లలో చాలావాటిది పాత రకం బ్లూటూత్, ఐఫోన్‌లో ఓబీడీ యాప్‌లకి బ్లూటూత్ ఎల్ఈ (తక్కువ కరెంటుతో నడిచే కొత్త రకం) గానీ వైఫై గానీ ఉన్న డాంగుల్ కావాలి. మార్చుకునే వీలుంటే మార్చుకోండి, లేదంటే ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాంతో వాడండి.