గేటు పక్క కిత్తనారను తీసేయాలంటే

చంద్రగిరి

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దనాయన ఆశీస్సులు.

నువ్వు పంపించిన ఫోటోలు చూశాను. అది కలబంద కాదు, కిత్తనార. ఆకు అంచున పసుపు పట్టీ ఉంటుంది కాబట్టి నర్సరీల్లో అందం కోసం కుండీల్లో పెట్టి అమ్ముతారు. కుండీలో ఉన్నన్నాళ్లూ ముద్దుగానే ఉంటుంది. నేలలో పెడితే మాత్రం ఒక్కో ఆకు మనిషి నడుము దాటి పోతుంది. మీకు ఇల్లు అమ్మినాయన దిష్టి తగలకుండా ఉంటుందని పెట్టి ఉంటాడు. దిష్టి సంగతేమో గానీ, ఇప్పుడు గేటు దాటే ప్రతి మనిషికీ అదే తగులుతోంది.

తీసేయాలనుకోవడం మంచిదే. బుడ్డోడు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. వాడి కంటి ఎత్తులో ముళ్లు ఉండకూడదు. కాకపోతే పక్కింటాయన దగ్గర గడ్డి కోసే మిషన్ ఉందనీ, ఆదివారం ఒక గంటలో అయిపోతుందనీ రాశావు చూడు, అది చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఆ మిషన్‌ను దాని దగ్గరికి రానీయకు. చెట్లు కోసే రంపం మిషన్ కూడా వద్దు.

ముల్లు కనిపిస్తుంది కాబట్టి అందరూ దానికి భయపడతారు. నేను తోటల్లో మేస్త్రీగా ఉన్నన్నాళ్లూ ఎక్కువ మంది బాధపడింది దీని రసంతోనే. కంద తరిగితే చేతులు ఎందుకు దురద పెడతాయో తెలుసు కదా? అందులో కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనపడనంత సన్నని సూదుల్లా ఉంటుంది. కిత్తనార ఆకులోనూ అదే ఉంటుంది. దానికి తోడు రసంలో చర్మాన్ని మండించే గుణం కూడా ఉంది. మా చిన్నప్పుడు చేను గట్ల మీద ఇదే కంచె. ఆకులు కుంటలో నానేసి, నార తీసి పశువులకు పలుపులు పేనేవాళ్లు. ఆ పని జరిగినన్నాళ్లూ వాళ్లకు మోచేతుల దాకా దద్దుర్లే. మిషన్ పెట్టి కోస్తే ఆ రసం తుంపరలుగా లేచి ముఖం మీద, మెడ మీద, కళ్లల్లో పడుతుంది. చేతి రంపంతో నిదానంగా కోస్తే కారి కింద పడుతుంది. తేడా అంతే, కానీ ఆ తేడాతోనే పని క్షేమంగా జరుగుతుంది.

రెండు విడతలుగా చెయ్యి. ఆకులు కోయడం వాన లేని రోజు పొద్దున్నే, ఎండ ముదరకముందే పెట్టుకో. ఒంటి నిండా బట్ట కట్టుకుని చేసే పని కాబట్టి మన తిరుపతి ఎండలో తొమ్మిది దాటితే నిలబడలేరు. ఆకుల నడుమ ఉండే బొడ్డు తవ్వడం మాత్రం అక్టోబరు, నవంబరు వానలు ఒకటి రెండు పడి నేల మెత్తబడ్డాక. ఎండాకాలంలో మన ఎర్రనేలలో గడ్డపార దిగదు. ఆకులు కోసి పెట్టేస్తే ముళ్ల ప్రమాదం ఎలాగూ పోతుంది, మిగతాదానికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

బట్టల విషయంలో పిసినారితనం చేయకు. గార్డెన్ గ్లౌజులని అమ్మే గుడ్డవి దీనికి పనికిరావు, ముల్లు దిగిపోతుంది, రసం పీల్చుకుంటుంది. హార్డ్‌వేర్ షాపులో వెల్డింగ్ పనివాళ్లు వేసుకునే తోలు గ్లౌజులు అడుగు, మోచేతి దాకా వస్తాయి. వాటి లోపల పల్చని రబ్బరువి తొడుక్కోండి. అక్కడే గ్రైండింగ్ చేసేవాళ్ల కళ్లద్దాలు దొరుకుతాయి, పక్కల కూడా మూసి ఉండేవి తీసుకో. మామూలు కళ్లజోడు ఉంది కదా అని అల్లుడు అంటాడు, వినకు. జీన్స్ ప్యాంటు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మూసిన బూట్లు, మెడ చుట్టూ ఒక తువ్వాలు. చేతులకు నూనె రాసుకుంటే చాలని ఎవరైనా చెప్తారు. కందకు, పనసకాయకు సరే, దీనికి చాలదు.

ఇంకో మాట. మీ కాలనీ శేషాచలం కొండలకు దగ్గర. ఈ కిత్తనార అడుగున ఎండిన ఆకులు ఎప్పటినుంచో పేరుకుని ఉన్నాయి, ఫోటోలోనే కనిపిస్తున్నాయి. తేళ్లు, జెర్రులు అక్కడే ఉంటాయి, రక్తపింజరి చుట్టుకుని పడుకున్నా తెలియదు. ముందు పొడుగాటి కర్రతో తట్టి, దూరంగా నిలబడి కాసేపు చూడండి. ఎండాకులను కొక్కెం కర్రతో లాగాలి గానీ చెయ్యి పెట్టకూడదు. పాము కనిపిస్తే ఆ రోజుకు పని ఆపి, పాములు పట్టేవాళ్లను పిలిపించు. ఖర్మ కాలి కాటు పడితే కట్లు కట్టడం, కోయడం లాంటివేవీ చేయొద్దు. ఆ కాలో చెయ్యో కదపకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి నేరుగా రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక అసలు పని. మొదటి రోజు ముందు కొసల్ని తీసేయాలి. ప్రతి ఆకు చివరా ఒక అంగుళం పొడవున గోధుమ రంగు ముల్లు ఉంటుంది, గట్టిగా, నల్లబడిన కొసతో. పొడుగు పిడుల కత్తెరతో ఆ ముల్లు కింద రెండు అంగుళాలు వదిలి ఆకును కత్తిరించు. బయటి వరస నుంచి మొదలుపెట్టి లోపలికి రా. రాలిన ముల్లును నేల మీద వదలకుండా పాత పెయింట్ డబ్బాలో వెయ్యి. ఎండినా దాని వాడి తగ్గదు, ఆరు నెలల తర్వాత కూడా చెప్పులోంచి దిగుతుంది. ఇది విసుగు పుట్టించే పనే, అందుకే చాలామంది వదిలేసి నేరుగా ఆకులు కోయడం మొదలుపెడతారు. కింది ఆకు కోయడానికి వంగినప్పుడు పై ఆకు కొస సరిగ్గా ముఖానికి వస్తుంది. కాబట్టి కొసలన్నీ అయ్యేదాకా రంపం బయటికే తీయకండి.

తర్వాత అన్నిటికన్నా కింద ఉన్న ఆకుతో మొదలుపెట్టి, మొదలుకు నాలుగు అంగుళాల దూరంలో కోయాలి. మచ్చుకత్తితో నరికితే త్వరగా అవుతుంది, కానీ ప్రతి దెబ్బకూ రసం ఎగురుతుంది. రంపమే మేలు. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. రంపం సగం దాటగానే ఆకు తన బరువుకు తానే వంగుతుంది, అప్పుడు కాళ్లు పక్కకు తీసుకోండి. కోసిన ఆకును తెగిన మొదలు దగ్గర పట్టుకుని టార్పాలిన్ మీదికి లాగాలి. అంచుల మీద కొక్కేల్లాంటి చిన్న ముళ్లు ఉంటాయి, ఒంటికి ఆనించి మోస్తే చొక్కాను పట్టుకుంటాయి. చెమట తుడుచుకోవాలనిపిస్తే గ్లౌజు తీసేసి తుడుచుకోండి. మాటల్లో పడి ఆ గ్లౌజు చేత్తోనే కన్ను నలుపుకునేవాళ్లే ఎక్కువ.

కోసిన ఆకులో గుజ్జు చూసి, ముఖానికి రాసుకుంటే మంచిదని పక్కవాళ్లు అడగొచ్చు. ఇవ్వకు. కలబంద ఆకు విరిస్తే జారుడుగా గాజులాంటి గుజ్జే ఉంటుంది. దీన్ని విరిస్తే దారాలు దారాలుగా నార వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. దీని పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్లు దీని నడిబొడ్డున గుంట చేసి, ఊరే తీపి నీళ్లతో పుల్కే అనే కల్లు తయారు చేస్తారు. మనకు తాటి, ఈత ఉన్నాయి, అంత కష్టం అక్కర్లేదు.

ఆకులన్నీ పోయాక అనాసపండు ఆకారంలో బొడ్డు మిగులుతుంది. తవ్వే ముందు ఒకటి చూసుకో. గేటు పక్కనే కుళాయి పైపు, కరెంటు మీటరు ఎర్త్ వైరు ఉంటాయి. ఎక్కడున్నాయో తెలుసుకోకుండా గడ్డపార వేయొద్దు. బొడ్డుకు అడుగు దూరంలో చుట్టూ కాలువలా తవ్వితే వేర్లు బయటపడతాయి. అవి లోతుకు పోవు, పక్కలకు పాకుతాయి. వాటిని తెంచి, ఒక వైపు గడ్డపార దూర్చి, కింద రాయి పెట్టి ఎత్తితే కదులుతుంది. తడి బొడ్డు చాలా బరువు. ఇద్దరు మనుషులు గోతం మీద దొర్లించుకుంటూ పోవాలి, ఎత్తబోయి నడుము పట్టేసేలా చేసుకోవద్దు. జేసీబీ గురించి అడిగావు. మీ సందులో అది తిరగాలంటే కాంపౌండ్ గోడే పోతుంది.

కూలికి మనిషిని పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. కానీ అతను లుంగీ ఎగ్గట్టి, చెప్పులేసుకుని వస్తాడు, 'ఏం కాదులేమ్మా, ఎన్ని చూళ్లేదు' అంటాడు. గ్లౌజులు, కళ్లద్దాలు నువ్వే కొని పెట్టు, అవి వేసుకున్నాకే కత్తి చేతికివ్వు. అతనికి కన్ను పోతే నీ ఇంట్లో పోయినట్టే. కూలి కాస్త ఎక్కువే ఇవ్వు, దురద పని.

పని అయ్యాక బట్టలు విడిగా ఉతకాలి, బుడ్డోడి గుడ్డలతో కలపొద్దు. చేతులు, మెడ సబ్బు పెట్టి చల్లటి నీళ్లతో కడుక్కోండి, గట్టిగా రుద్దకుండా. దద్దుర్లు కొన్నిసార్లు మరుసటి రోజు బయటపడతాయి. బొబ్బలు లేస్తే పసుపు, సున్నం అంటూ ప్రయోగాలు చేయకుండా చర్మం డాక్టరుకు చూపించండి. కంట్లో పడితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకూడదు. కుళాయి కింద రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పావుగంట నీళ్లు పారనిచ్చి, తర్వాత అలిపిరి దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రికి వెళ్లండి. మంట తగ్గింది కదా అని ఆగిపోవద్దు. ముల్లు కీలు దగ్గర, ముఖ్యంగా వేలి కణుపులో గుచ్చుకుంటే కొస లోపలే విరిగి ఉండొచ్చు. పైకి చుక్కంత గాయమే ఉంటుంది, రెండు రోజులకు వేలు వంగదు. అలాంటిది ఇంట్లో పిన్నీసుతో కెలకొద్దు. టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్లయిందో కూడా చూసుకో.

ఆకులు పచ్చిగా తగలబెట్టకండి, మండవు, ఉత్త పొగ. ఖాళీ ప్లాటులో పారేస్తే ఊరి ఆవులు మూతి పెడతాయి. మిద్దె మీద రెండు మూడు వారాలు ఎండబెడితే బరువు బాగా తగ్గుతుంది, అప్పుడు గోతాల్లో కుక్కి మున్సిపాలిటీ బండికి చెప్పి ఇచ్చేయొచ్చు. లోపల ముళ్లు ఉన్నాయని వాళ్లకు చెప్పడం మర్చిపోకు. బొడ్డును మాత్రం మట్టి మీద వదలకూడదు, పక్కకు పడి ఉన్నా వేర్లు పోసుకుంటుంది. వేర్లు పైకి వచ్చేలా తిరగేసి సిమెంటు నేల మీద ఎండనివ్వు.

కలుపు మందు కొట్టి చంపేద్దామని అల్లుడు అన్నాడట. ఆకు మీద మైనపు పూత ఉంటుంది, మందు జారిపోతుంది. పైగా అతను చెప్పిన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ వాళ్లు తప్ప వేరేవాళ్లు వాడకూడదని 2022 అక్టోబరులోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఉప్పు, కిరోసిన్ పోస్తే చెట్టు చావకముందే నేల పాడవుతుంది.

పూత కాడ లేస్తే చెట్టు దానంతట అదే చస్తుందన్న మాట నిజమే. వందేళ్లు పడుతుందంటారు గానీ 10 నుంచి 30 ఏళ్లలో పూస్తుంది. ఆ కాడ 25 అడుగుల దాకా పోతుంది, మీ గేటు మీద కరెంటు తీగలున్నాయి. దానికోసం కాచుక్కూర్చోకు. తల్లి చచ్చినా పిలకలు ఉండనే ఉంటాయి.

ఆ పిలకలతోనే అసలు కాపలా. భూమిలో పాకిన వేరు ముక్క మిగిలితే మూడు నాలుగు అడుగుల అవతల, గోడ పక్కన కూడా మొలుస్తాయి. బొటనవేలంత ఉన్నప్పుడే చేతిపారతో వేరుతో సహా లేపెయ్యి, పైపైన తెంచితే మళ్లీ వస్తాయి. వచ్చే ఏడాది వానలు అయ్యేదాకా నెలకోసారి చూస్తూ ఉండు. అందాక అక్కడ ఏమీ నాటకుండా ఖాళీగా ఉంచు, పిలక వస్తే వెంటనే కనిపిస్తుంది. ఆ తర్వాత నందివర్ధనం పెట్టుకో, పూజకూ పూలు వస్తాయి.

మా ఇంట్లో పెద్ద గడ్డపార, పొడుగు పిడుల కత్తెర ఉన్నాయి, కొనొద్దు. అల్లుడిని బండి మీద వచ్చి పట్టుకెళ్లమను. పని రోజున బుడ్డోడిని ఇక్కడ దింపేయండి, మీ పెద్దమ్మ చూసుకుంటుంది.

ఇట్లు
మీ పెద్దనాయన